సైనికుల సమాధుల దగ్గర మేము నేర్చుకున్నది

(దెందులూరులో జరిగిన సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



ఈ సంవత్సరం జమాఖర్చులు కార్యదర్శిగారు ఇప్పుడే చదివి వినిపించారు. మందులకు ఎంత, చదువులకు ఎంత, వితంతువులకు ఎంత, జనాజాలకు ఎంత అన్నది మీరంతా విన్నారు. ఆ లెక్కల చివర ఒక చిన్న పద్దు ఉంది. 'ఖబరస్తాన్ రిజిస్టరు' అని రాశాం. మొత్తం చూస్తే పెద్దదేమీ కాదు. కానీ ఇంతకుముందు ఏ సంవత్సరం లెక్కల్లోనూ అది లేదు. మీ జేబులోంచి వచ్చిన ప్రతి రూపాయికీ మేము జవాబు చెప్పాలి గనుక, ఆ పద్దు ఎందుకు వచ్చిందో ఈ రోజు చెప్పుకోనివ్వండి. అది చెప్పాలంటే చెన్నైలో ఉన్న ఒక సైనిక శ్మశానం సంగతి చెప్పాలి.

మన మండలంలోనే, కొల్లేరు వైపు ఒక ఊళ్ళో 80 దాటిన పెద్దాయన ఒకరున్నారు. మన సంస్థ నుంచి నెలనెలా మందులు అందుకుంటున్నారు. పేరు చెప్పవద్దన్నారు కాబట్టి చెప్పడం లేదు. గుండె ఆపరేషన్ కోసం ఒక పిల్లవాణ్ణి మనం చెన్నై తీసుకెళుతున్నామని తెలిసి, బయలుదేరే ముందురోజు ఆయన కర్ర పట్టుకుని ఆఫీసుకి వచ్చారు.

"బాబూ, మా అబ్బా మిలటరీలో పోయాడంట. నేను కడుపులో ఉండగా రంగం వైపు యుద్ధానికెళ్ళాడు. మళ్ళీ రాలేదు. మద్రాసులో మిలటరీ వాళ్ళ సమాధులున్నాయని ఎవరో అన్నారు. అక్కడ మా అబ్బా పేరేమన్నా ఉందేమో కాస్త చూసి రండయ్యా. ఉంటే ఆ మట్టి దగ్గర ఒక్క ఫాతిహా చదివి రండి" అన్నారు.

కాగితాలేమైనా ఉన్నాయా తాతా అని అడిగాం. కొన్నాళ్ళు మనియార్డర్లు వచ్చాయట, తరవాత ఆగిపోయాయట. సర్కారు నుంచి ఒక కాగితం కూడా వచ్చిందట. కొల్లేరు పొంగిన ఏడు ఇంట్లోకి నీళ్ళొచ్చి ట్రంకు పెట్టె తడిసి, అందులో ఉన్నవన్నీ ముద్దయిపోయాయట. ఆయన దగ్గర మిగిలింది తండ్రి పేరు ఒక్కటే. ఆ పేరు మన జమాతుల్లో ప్రతి వీధిలోనూ ఇద్దరు ముగ్గురికి ఉండే పేరు.

ఏలూరులో రాత్రి రైలెక్కాం. పిల్లవాడి ఆపరేషన్ అల్లాహ్ దయతో బాగా జరిగింది. వాడు ఇప్పుడు బడికి వెళుతున్నాడు, అల్‌హమ్దులిల్లాహ్. ఆస్పత్రిలో వాళ్ళమ్మ తోడుండగా ఒక పూట ఖాళీ దొరికితే మేము నలుగురం ఆ శ్మశానం వెతుక్కుంటూ వెళ్ళాం.

సెయింట్ థామస్ మౌంట్ నుంచి పూనమల్లి వెళ్ళే రోడ్డులో నందంబాక్కం దగ్గర ఉంది, మద్రాస్ వార్ సెమెటరీ. గేటు దాటి లోపలికి వెళ్ళగానే మేము చూసింది పచ్చటి గడ్డి, వరసగా సమాధుల గుర్తులు, వాటి మధ్య చిన్న చిన్న పూలమొక్కలు. ఒక్క కాగితం ముక్క లేదు, ఒక్క ముళ్ళచెట్టు లేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో చనిపోయినవారు 850 మందికి పైగా అక్కడ ఉన్నారు. ప్రతి గుర్తు మీదా సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం, చనిపోయిన తేదీ ఉన్నాయి. చాలావాటి మీద వయసు కూడా ఉంది. 20 ఏళ్ళు, 22 ఏళ్ళు, 24 ఏళ్ళు. కొన్నింటి అడుగున ఇంటివాళ్ళు రాయించుకున్న ఒక మాట ఉంది. అధికారికి ఒక కొలత, మామూలు సిపాయికి ఒక కొలత అని లేదు. అందరికీ ఒకే తీరు.

గడ్డి కోస్తున్న తోటమాలి ఒకాయన తెలుగు తెలిసినవాడే. వీళ్ళ బంధువులు వస్తూ ఉంటారా అని అడిగాం. "ఎప్పుడో ఒకరు వస్తారండీ. చాలామందికి ఎవరూ రారు. వచ్చినా రాకపోయినా మేము రోజూ చెయ్యాల్సిన పని చెయ్యాల్సిందే" అన్నాడు. ఆ మాట మాలో ఒకరు అక్కడే చీటీ మీద రాసుకున్నారు.

అక్కడ మేము ఎవరికోసమో ఏడవడానికి వెళ్ళలేదు. వాళ్ళలో ఎక్కువమంది మన మతంవారు కారు, మన దేశంవారు కూడా కారు. అయినా కాసేపు మౌనంగా నిలబడ్డాం. ఒక యూదుడి శవయాత్ర దాటి వెళుతుంటే దైవప్రవక్త ముహమ్మద్ (స) లేచి నిలబడ్డారని, అది యూదుడి శవమని పక్కవారు చెబితే, అతనిదీ ఒక ప్రాణమే కదా అన్న భావంతో బదులిచ్చారని హదీసు గ్రంథాల్లో చదువుకున్నాం. ఆ సున్నత్ మాకు అక్కడ గుర్తొచ్చింది.

ఈ శ్మశానం ఎలా వచ్చిందో తెలుసుకున్నప్పుడు మాకు మన విషయం కూడా అర్థమైంది. కనుక ఆ సంగతి కొంచెం చెబుతాం. యుద్ధం జరిగిన రోజుల్లో వీళ్ళందరినీ ఒకే చోట ఖననం చెయ్యలేదు. దక్షిణ, తూర్పు భారతంలో ఎక్కడెక్కడో ఉన్న కంటోన్మెంట్ శ్మశానాల్లో, ఊళ్ళ శ్మశానాల్లో పాతిపెట్టారు. ఆ చోట్ల శాశ్వతంగా చూసుకునే దిక్కు ఉండదని తేలాక, 1952లో ఈ స్థలం ఏర్పాటు చేసి ఆ సమాధులను ఇక్కడికి చేర్చారు. లోపల వెనకవైపు మొదటి ప్రపంచ యుద్ధం నాటివారి స్మారకం ఒకటి ఉంది. వెయ్యిమందికి పైగా పేర్లున్నాయి దాని మీద. వాళ్ళ సమాధులు దేశంలో పలుచోట్ల ఉన్నా, వాటిని కలకాలం నిలబెట్టడం సాధ్యం కాదని పేర్లన్నీ ఒక్కచోట రాయించారు. అంటే రెండు దారులు. వీలైతే సమాధిని కాపాడారు. అది కుదరనిచోట పేరునైనా కాపాడారు.

ఈ పని చేసే సంస్థ కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా జరుగుతుండగానే, 1917 మే నెలలో ఏర్పడింది. ఫేబియన్ వేర్ అనే ఆయన చొరవతో మొదలైంది. ఆయన అప్పట్లో రెడ్ క్రాస్ దళంతో యుద్ధభూమిలో పనిచేస్తూ, సమాధుల గుర్తులు చెరిగిపోతున్నాయని చూసి, ఎవరు ఎక్కడున్నారో రాసిపెట్టడం మొదలుపెట్టాడు. ఇప్పుడు 150కి పైగా దేశాల్లో, రెండు యుద్ధాలకూ కలిపి 17 లక్షల మంది లెక్క ఆ సంస్థ చూస్తోంది. ఖర్చు ఆరు దేశాల ప్రభుత్వాలు భరిస్తాయి. వాటిలో మన భారతదేశం కూడా ఉంది. ఇంత పెద్ద పనికి మొదలు మాత్రం ఒక పెన్సిలు, ఒక జాబితా.

అయితే ఆ పనిలోనూ పెద్ద లోపం జరిగింది. దాచకుండా చెప్పుకోవాలి. అందరూ సమానమే అన్న నియమం ఐరోపాలో పాటించినట్టు ఆసియా, ఆఫ్రికాల్లో పాటించలేదు. ఇరాక్‌లోని బస్రా స్మారకం దీనికి ఉదాహరణ. బ్రిటిషు సైనికుల పేర్లు, భారతీయ అధికారుల పేర్లు రాతి మీద చెక్కారు. మామూలు భారతీయ సిపాయిల దగ్గరికి వచ్చేసరికి దళం పేరు కింద ఇంతమంది అని అంకె వేసి ఊరుకున్నారు. 2021 ఏప్రిల్‌లో ఆ కమిషనే ఒక నివేదిక బయటపెట్టి క్షమాపణ చెప్పింది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవారిలో కనీసం 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది వరకు, పేరుతో స్మరించలేదని, కొందరిని అసలు స్మరించనే లేదని ఆ నివేదిక ఒప్పుకుంది. వాళ్ళలో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు వాళ్ళు. మరో 45 వేల నుంచి 54 వేల మందిని తక్కువ చేసి స్మరించారు. వాళ్ళలో మన భారతీయులు చాలామంది ఉన్నారు.

ఎంత డబ్బున్నా, ఎంత నియమం ఉన్నా, పేదవాడి పేరు రాసే దగ్గర చెయ్యి బద్ధకిస్తే జరిగేది ఇదే. వందేళ్ళ తరవాత క్షమాపణ చెప్పినా, పోయిన పేరు తిరిగి రాదు.

ఇక పెద్దాయన అబ్బా సంగతి. నందంబాక్కంలో ఆయన పేరు కనబడలేదు. కనబడే అవకాశం తక్కువని అక్కడే అర్థమైంది. రంగం వైపు పోరులో చనిపోయి, సమాధి తెలియని భారతీయ సైనికుల పేర్లు రంగూన్ దగ్గర తౌక్యాన్ శ్మశానంలో ఉన్న స్మారకం మీద ఉంటాయి. ఆ రంగూన్ స్మారకం మీద సుమారు 27 వేల పేర్లున్నాయి. అందులో ఎక్కువ భాగం మన దేశపు సైనికులవే. స్వేచ్ఛాజీవులందరి కోసం వాళ్ళు మరణించారన్న మాట అక్కడ ఐదు భాషల్లో చెక్కారు. వాటిలో ఉర్దూ కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో భారతదేశం నుంచి సుమారు 25 లక్షల మంది సైన్యంలో పనిచేశారు. 87 వేల మందికి పైగా తిరిగి రాలేదు.

ఇది బ్రిటిషువాళ్ళ యుద్ధం కదా, మనకెందుకు అని మనలో కొందరికి అనిపించవచ్చు. వెళ్ళినవాళ్ళలో చాలామంది ఇంటి ఆకలి తీర్చడానికి వెళ్ళారు. కొందరు ఆ సైన్యాన్ని వదిలి ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు. బర్మా పోరులో రెండువైపులా మనవాళ్ళే ఉన్నారు. ఆ యుద్ధం మన గడప దాకా కూడా వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. సరిగ్గా రెండేళ్ళకు, 1944 ఏప్రిల్ 6న, ఇంఫాల్‌కు ఉత్తరాన ఒక కొండ మీద జమాదార్ అబ్దుల్ హఫీజ్ అనే జాట్ రెజిమెంటు సైనికుడు గాయపడి కూడా ముందుకే వెళ్ళి ప్రాణం ఇచ్చాడు. విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఆయన సమాధి ఇంఫాల్‌లోని భారత సైనిక శ్మశానంలో ఉంది. అదే ఆవరణలో 800కు పైగా హిందూ, సిక్కు సైనికుల పేర్లతో దహన స్మారకం ఉంది. ఖననం చేసినవారికి సమాధి, దహనం చేసినవారికి పేర్ల స్మారకం. ఎవరి ధర్మం ప్రకారం వారికి గౌరవం దక్కింది. బతికుండగా ఒకే కందకంలో ఉన్నవాళ్ళు, ఇప్పుడు ఒకే ఆవరణలో ఉన్నారు.

పెద్దాయన తండ్రి పేరు కోసం ఊరికి తిరిగొచ్చాక ఆ కమిషన్ వెబ్‌సైటులో వెతికాం. ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. పేరు కొట్టగానే అదే పేరుతో వరసగా ఎంతోమంది వచ్చారు. ఆనాటి గుమాస్తాలు ఒక్క పేరునే ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాశారు. ముందు షేక్ రాస్తే ఒకచోట, రాయకపోతే మరోచోట. కొందరి వివరాల్లో తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా కూడా ఉన్నాయి. కొందరికి నంబరు, తేదీ తప్ప ఏమీ లేవు. మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్ళిన అదే పేరువాళ్ళు ఒకరికంటే ఎక్కువమందే కనిపించారు. వాళ్ళలో ఎవరు మన పెద్దాయన తండ్రో తేల్చే నంబరు గానీ, దళం పేరు గానీ మన చేతిలో లేదు. ఊహించి చెప్పడం అబద్ధం చెప్పడమే అవుతుంది. కనుక చెప్పలేదు.

ఎవరికైనా గుర్తుందేమోనని తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం కూడా వెళ్ళాం. మిలటరీ మాధవరం అంటే మన ప్రాంతంలో తెలియనివారు ఉండరు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండోదానికి వెయ్యిమందికి పైగా ఆ ఊరి నుంచి వెళ్ళారని ఊరివాళ్ళు చెప్పుకుంటారు. ఇప్పటికీ ఆ ఊరి పిల్లలు సైన్యంలో చేరుతూనే ఉన్నారు. యుద్ధాల్లో చనిపోయినవారికి ఊళ్ళో స్మారకం కట్టుకున్నారు. మేము వెతికే మనిషి ఆచూకీ అక్కడా దొరకలేదు. కానీ ఒక విషయం చూశాం. తమవాళ్ళు ఎవరెవరు వెళ్ళారు, ఎక్కడ పోయారు అని మాట్లాడేటప్పుడు అక్కడి పెద్దవాళ్ళు తడుముకోలేదు. ఏ ప్రభుత్వం చెప్పకపోయినా ఊరు ఊరే లెక్క పెట్టుకుంది.

ఆ తరవాత పెద్దాయన ఇంటికి వెళ్ళాం. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే ఉన్నాం. వెతికాం తాతా, ఫలానా చోట ఉండవచ్చు, కానీ ఖాయంగా చెప్పలేకపోతున్నాం అన్నాం. ఫోనులో రంగూన్ స్మారకం ఫొటో చూపించాం. ఆయన చాలాసేపు దాన్ని చూశారు. పైకి చేతులెత్తి దువా చేశారు. మేము ఆమీన్ అన్నాం.

తరవాత ఆయన అన్న మాట ఇదీ: "పేరు దొరకలేదంటే మనిషి లేడని కాదుగా. అల్లాకు తెలుసు ఎక్కడున్నాడో. దూరం పోయినోడి సంగతి సరే. మన ఊరి ఖబరస్తాన్‌లో మా అమ్మ ఎక్కడుందో చెప్పగలరా బాబూ?"

మా నలుగురిలో ఎవరికీ నోరు పెగల్లేదు.

ఆ తల్లి కడుపులో బిడ్డతో భర్తను యుద్ధానికి పంపింది. మనియార్డర్లు ఆగిపోయాక దూది ఏకి, పరుపులు కుట్టి, బొంతలు కుట్టి కొడుకును పెంచింది. పెద్దాయనకు తెలిసినంతవరకు మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. ఆమె పోయి 40 ఏళ్ళు దాటింది. ఖననం చేసినప్పుడు తలవైపు ఒక వేపమొక్క నాటారట. ఆ మొక్క లేదు. ఆ చుట్టుపక్కలంతా సర్కారుతుమ్మ కమ్మేసింది. పాత సమాధి ఉందని తెలియక దానిమీదే ఇంకొకరికి తవ్వారో లేదో కూడా ఆయనకు తెలియదు. పండగనాడు వెళ్ళి గేటు దగ్గరే నిలబడి మొత్తానికి కలిపి సలాము చెప్పి వస్తున్నారట.

వేల మైళ్ళ దూరం నుంచి వచ్చి ఇక్కడ చనిపోయిన పరాయివాడి సమాధిని ఎవరూ రాకపోయినా రోజూ ఊడుస్తున్నారు. మన ఊళ్ళో, మన మసీదుకు కూతవేటు దూరంలో ఉన్న తల్లి ఎక్కడుందో 80 ఏళ్ళ కొడుక్కి మనం చూపించలేకపోయాం. తప్పు ఎవరిదని వేలు చూపడానికి ఈ మాట చెప్పడం లేదు. ఇన్నేళ్ళుగా కఫన్ కొనిస్తున్నది మనమే. జనాజా బండి నడుపుతున్నది మనమే. గుంట తవ్విస్తున్నదీ మనమే. మట్టి వేశాక చేతులు దులుపుకుని వచ్చేస్తున్నది కూడా మనమే.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. కమిటీలో పెద్దలు ఒకరు ఈ సందేహాన్ని గట్టిగానే లేవనెత్తారు. అది న్యాయమైన ప్రశ్న. సమాధులను గట్టిగా కట్టవద్దని, వాటిమీద కట్టడాలు లేపవద్దని దైవప్రవక్త (స) వారించారు కదా, మనం పాలరాళ్ళ దారి పడుతున్నామా అని ఆయన అడిగారు. ఉలమాలను అడిగాం. ఆడంబరానికి చోటు లేదు, కానీ గుర్తుకు చోటుంది. ఉస్మాన్ బిన్ మజ్‌ఊన్ (రజి) ఖననం అయ్యాక ప్రవక్త (స) స్వయంగా ఒక రాయిని ఎత్తి తెచ్చి తలవైపు పెట్టారని, నా సోదరుడి సమాధిని గుర్తుపట్టడానికి, నా ఇంటివారిలో పోయినవారిని ఆయన దగ్గరే ఖననం చెయ్యడానికి అన్న భావం చెప్పారని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. చెక్కని రాయి ఒక్కటి. అంతే. కనుక మనం తలపెట్టింది రాతి పని కాదు, రాత పని.

యుద్ధంలో పోయినవారి విషయంలో మన ధర్మం చూపిన దారి కూడా ఒకసారి గుర్తు చేసుకుందాం. ఉహద్ యుద్ధంలో సుమారు 70 మంది షహీద్ అయ్యారు. కఫన్‌కు బట్ట చాలలేదు. ఇద్దరిద్దరిని ఒక్క సమాధిలో ఉంచాల్సి వచ్చింది. అప్పుడు ప్రవక్త (స) వీరిలో ఖుర్ఆన్ ఎక్కువ నేర్చినవారు ఎవరని అడిగి వారిని ముందు ఉంచారు. అంత కష్టంలోనూ ఒక్కొక్కరి గురించి అడిగి తెలుసుకున్నారు. మక్కాలో ఖరీదైన బట్టలు కట్టిన ముస్‌అబ్ బిన్ ఉమైర్ (రజి)కి ఆ రోజు ఒక్క దుప్పటే మిగిలింది. తల కప్పితే కాళ్ళు, కాళ్ళు కప్పితే తల బయటపడ్డాయి. తల కప్పి, కాళ్ళ మీద ఇజ్‌ఖిర్ గడ్డి వేశారు. మీరు ఇచ్చే కఫన్ డబ్బుకు ఎంత విలువ ఉందో చెప్పడానికి ఇంతకంటే మాట అక్కర్లేదు.

అదే ఉహద్‌లో సఅద్ బిన్ రబీ (రజి) షహీద్ అయ్యారు. ఆయన భార్య ఇద్దరు ఆడపిల్లలను వెంటపెట్టుకుని ప్రవక్త (స) దగ్గరికి వచ్చి, వీళ్ళ చిన్నాన్న ఆస్తి అంతా తీసుకున్నాడు, పిల్లలకు ఏమీ మిగల్చలేదని మొరపెట్టుకుంది. వారసత్వపు ఆయతు అవతరించింది. పిల్లలకు వాటా, భార్యకు వాటా ఇప్పించారు. పోయినవాణ్ణి ఖననం చెయ్యడంతో బాధ్యత తీరదు, అతని వెనక ఉన్నవారి హక్కు నిలబెట్టాలి అన్నది దీనిలో పాఠం. మన కాలంలో ఆ హక్కు ఒక కాగితం మీద ఆధారపడి ఉంది. చనిపోయిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే మరణ ధ్రువపత్రానికి ఇబ్బంది ఉండదు. దాటితే ఆలస్య రుసుము, ఇంకా ఆలస్యమైతే పైఅధికారుల చుట్టూ తిరగాలి. ఆ పత్రం లేక వితంతు పింఛను ఆగినవారు, బీమా సొమ్ము రానివారు, పొలం పేరు మారనివారు మన దగ్గరికే సాయం కోసం వస్తున్నారు. మనం వాళ్ళకు బియ్యం ఇస్తున్నాం. వాళ్ళకు హక్కుగా రావలసింది మాత్రం రాకుండా ఉంది.

అందుకే ఈ సంవత్సరం మొదలుపెట్టిన పని ఇది. వరసగా చెబుతాం.

మొదటిది శుభ్రం చెయ్యడం. కుర్రవాళ్ళు కొన్ని జుమాలు నమాజు తరవాత వచ్చి తుమ్మ కొట్టారు. హిందూ సోదరులు ఇద్దరు ట్రాక్టరు, మనుషులను పంపించారు, డబ్బు తీసుకోలేదు. అల్లాహ్ వారికి మేలు చేయుగాక.

రెండోది వరసలు. ఇకపై ఖననాలన్నీ వరస ప్రకారం జరుగుతాయి. వరసకు ఒక నంబరు, వరసలో సమాధికి ఒక నంబరు. తలవైపు నంబరు వేసిన ఒక చిన్న రాయి. ధనవంతుడికీ, దిక్కులేనివాడికీ అదే రాయి, అదే కొలత.

మూడోది రిజిస్టరు. పోయినవారి పూర్తి పేరు, తండ్రి లేదా భర్త పేరు, తల్లి పేరు, ఊరు, వయసు, చనిపోయిన తేదీ, ఖననం చేసిన తేదీ, వరస నంబరు, సమాధి నంబరు. పేరు ఒక్కటే రాస్తే ఏమవుతుందో పెద్దాయన తండ్రి విషయంలో చూశాం. ఆడవాళ్ళ దగ్గర ఫలానావారి భార్య అని రాసి వదిలెయ్యకూడదు, వాళ్ళ సొంత పేరు తప్పకుండా రాయాలి. ఎవరూ గుర్తుపట్టని శవమైతే దొరికిన చోటు, తేదీ, ఆనవాళ్ళు రాస్తాం. రిజిస్టరు రెండు ప్రతులు, ఒకటి మసీదులో, ఒకటి ఆఫీసులో. నెలకోసారి ఫొటోలు తీసి వేరే చోట భద్రపరుస్తాం, మళ్ళీ ఏ వరదకూ ముద్ద కాకుండా.

నాలుగోది, ఆ రిజిస్టరులో ఉండనిది. కఫన్ ఎవరి డబ్బుతో కొన్నాం, గుంట కూలి ఎవరిచ్చారు అన్న గడి అందులో పెట్టలేదు. ఆ లెక్క ఖర్చుల పుస్తకంలో ఉంటుంది, ఆడిటరు చూస్తారు. రేపు మనవడు వచ్చి తాత సమాధి అడిగినప్పుడు, ఆయన దానం మీద పోయాడని ఆ పేజీ చెప్పకూడదు. దాతల పేర్లు కూడా ఖబరస్తాన్ గోడల మీద రాయించం. దీనికి మీరు నొచ్చుకోరని మాకు తెలుసు.

ఐదోది, జనాజాకు వెళ్ళిన మన కార్యకర్త ఆ ఇంటినుంచి మరణ నమోదు ఫారం నింపించి, 21 రోజుల గడువు దాటకుండా పంచాయతీకి చేర్చాలి. పత్రం చేతికొచ్చాక పింఛను దరఖాస్తు కూడా మనమే పెట్టించాలి.

ఇవన్నీ ఒక్క సంవత్సరం ఉత్సాహంతో జరిగితే లాభం లేదు. ఏటా చేసే ఖర్చు కావాలి. రిజిస్టరు రాసే మనిషికి నెలకు ఇంత అని ఇవ్వాలి. ఏడాదికి రెండుసార్లు ముళ్ళు కొట్టించాలి. గోడ ఒకవైపు ఇంకా లేదు. మిమ్మల్ని మేము పెద్ద మొత్తాలు అడగడం లేదు. ఇంటికి ఒకరు, ఏడాదికోసారి, తమ తల్లిదండ్రుల పేరు మీద సదఖా జారియా అనుకుని ఈ పద్దుకు ఇవ్వండి. ఇంకో సాయం డబ్బుతో పనిలేనిది. పాత సమాధులు ఎవరివో గుర్తున్న పెద్దలు మీలో ఉన్నారు. దయచేసి ఒక్కసారి వచ్చి మాతో నడవండి. మీరు చూపించి చెప్పండి, మేము రాసుకుంటాం. మీతోపాటే ఆ జ్ఞాపకం కూడా మట్టిలో కలిసిపోతే మళ్ళీ ఎవరూ చెప్పలేరు.

అలాంటి ఒక ముసలమ్మ వచ్చి చెప్పినందువల్లే మొన్న రజబ్ నెలలో ఒక మంచి జరిగింది. పెద్దాయన తల్లిని ఖననం చేసిన రోజు తాను చిన్న వయసు కోడలిగా ఇంటి గుమ్మంలో నిలబడి జనాజా వెళ్ళడం చూశానని, కొన్నాళ్ళకు తన బిడ్డ పోతే ఆమె పక్కనే పెట్టారని, ఆ చోటు తాను మరిచిపోలేదని ఆమె చెప్పింది. బావి గట్టు నుంచి అడుగులు కొలిచి కొడుకుతో చూపించింది. తుమ్మ కొట్టి చూస్తే మట్టి కొద్దిగా ఎత్తుగా ఉంది, పక్కనే ఇంకో చిన్న గుట్ట ఉంది. నూటికి నూరు పాళ్ళు అని మేము రాయలేదు. 'ఫలానా వారి సాక్ష్యం ప్రకారం' అని రాశాం. మన రిజిస్టరులో మొదటి పేజీ, మొదటి వరసలో ఆ తల్లి పేరు ఉంది. భర్త గడిలో ఆ సైనికుడి పేరు రాసి, 'రంగం యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు' అని రాశాం. ఆయన పేరు మన ఊళ్ళో ఒక పుస్తకంలోకి ఎక్కడం బహుశా అదే మొదటిసారి.

పెద్దాయనను కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్ళాం. ఆయన ఒక్కరే కాసేపు కూర్చుంటానన్నారు. మేము గేటు దగ్గరికి వచ్చేశాం.

యా అల్లాహ్, మాకు తెలిసిన సమాధుల్లో ఉన్నవారినీ, మాకు తెలియని చోట నిద్రిస్తున్నవారినీ క్షమించు. యుద్ధాలు లేకుండా మా పిల్లలను కాపాడు. వెనక మిగిలిన వితంతువుల, యతీముల హక్కు నిలబెట్టే శక్తిని మాకివ్వు. ఇచ్చినవారి దానాన్ని స్వీకరించు, వారి సంపాదనలో బర్కత్ ప్రసాదించు. మేము పోయిన నాడు మా పేరు రాసే చెయ్యి, మాకోసం దువా చేసే నోరు ఒకటి మిగిలేలా చెయ్యి. ఆమీన్.